నలభయ్యో నిమిషంలో లేచిపోయినవాళ్లు

కిందటి వారం మన కథలో నెరెయిదాను కబైగువాన్ ఊరి పార్కులో, ఆదివారం సాయంత్రం ఐదింటి వేళ, ఒక సిమెంటు బల్ల మీద వదిలేసి వచ్చాం. పక్కనే ఆమె అక్క కూతురు లెయ్దానిస్ మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ఏడవక ఏం చేస్తుంది? మూడేళ్లు తిండీ నిద్రా మానుకుని, ఒక గదిలో ఒక కంప్యూటరు ముందు కూర్చుని, ఒంటిచేత్తో తయారు చేసుకున్న 'మూడు ప్రాణాల మనిషి' సినిమా ఆ రోజే మొదటిసారి ఊరి హాల్లో ఆడింది. సముద్రం ఎండిపోయిన ఒక గ్రహం, దాని మీద ఒక్కడే మిగిలిన జాలరి, వాడికి మూడు ప్రాణాలు, అంతా వీడియో గేమ్ వాటంగా సాగే బొమ్మలు. సరిగ్గా నలభయ్యో నిమిషంలో జనం లేచి వెళ్లిపోయారు. ముందు ఒకరు, ఆ వెనక పదిమంది, తర్వాత వరసలకు వరసలు. ఈల వెయ్యలేదు, కేక పెట్టలేదు. వంగి వంగి, చెప్పుల చప్పుడు కూడా రానివ్వకుండా వెళ్లారు. హాలు ఖాళీ అయ్యేసరికి ప్రొజెక్టర్ నడిపే వెన్సెస్లావ్ మిషను కట్టేసి, తన పుస్తకంలో "నలభయ్యో నిమిషం: జనం వెళ్లిపోయారు" అని రాసేసుకున్నాడు. అంతకుముందే లెయ్దానిస్ బయటికి పరిగెత్తింది, ఆమె వెనక నెరెయిదా.

అందరికంటే ముందు ఎవరు లేచారో నెరెయిదాకు చీకట్లో కూడా తెలిసింది. అంత నున్నటి బట్టతల ఊళ్లో ఒక్కటే ఉంది. అది యుసేబియో కింతానాది.

సోమవారం పొద్దున నెరెయిదా చుట్టల ఫ్యాక్టరీకి వెళ్లి, మామూలుగానే తన అరుగెక్కి, మైకు ముందు కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె పని అదే. కింద నూట నలభై మంది తలలు వంచి పొగాకు ఆకులు చుడుతుంటే, పైన కూర్చుని ఆమె చదవాలి. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. ఏ పుస్తకం చదవాలో వాళ్లే ఓటేసి చెబుతారు. నచ్చితే చేతిలో ఉన్న పిడి లేని కత్తితో చెక్కబల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే ఆ కత్తిని నేల మీదికి జారవిడుస్తారు. ఇన్నేళ్లలో ఆమె మొదలుపెట్టిన ఏ పుస్తకాన్నీ ఆఖరి పేజీ చదవకుండా వదిలిపెట్టలేదు. ఒకసారి గొంతు పోతే, మిరియాల కషాయం తాగుతూ గుసగుసగా చదివింది. హాలంతా ఊపిరి బిగబట్టి విన్నారు.

ఆ సోమవారం మాత్రం పేపరు చదివి, నవల చదివి, ఒక్క మాట కూడా అదనంగా మాట్లాడకుండా దిగిపోయింది. మంగళవారమూ అంతే, బుధవారమూ అంతే. కాఫీ వేళకు యుసేబియో రెండుసార్లు దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ ఆమె ముఖం తిప్పేసుకుంది. సినిమా మాట ఎత్తితే ఎక్కడ ఏడ్చేస్తుందోనని మిగతావాళ్లు నోరు కట్టేసుకున్నారు. ఆ మౌనం చూసి, చూశావా, చెప్పడానికి వీళ్ల దగ్గర ఒక్క మంచి మాట కూడా లేదని ఆమె అనుకుంది. ఒకే గదిలో మూడు రోజులు ఇలా ఒకరి మీద ఒకరు జాలిపడుతూ, ఒకరిని ఒకరు తప్పుపట్టుకుంటూ గడిపారు.

గురువారం పొద్దున హవానా నుంచి సినిమాల ఎంపిక కమిటీ మనిషి దిగాడు. పేరు అర్హిమిరో సాంతియెస్తెబాన్. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చంకలో ఫైలు, ముక్కు మీద కళ్లద్దాలు. సినిమా నచ్చిందో లేదో చెప్పడం అతని పని కాదు. జనానికి నచ్చిందో లేదో తేల్చడం అతని పని. జనం మెచ్చుకుంటే దేశంలో అన్ని జిల్లాల హాళ్లలోనూ ఆడిస్తారు, మెచ్చుకోకపోతే ఆ డిస్కు ఏదో బీరువాలోకి పోతుంది. మూడేళ్ల కష్టం అటో ఇటో తేలడం ఇక ఆ ఫైలు మీదే ఉంది.

ఆదివారం హాలు గుమ్మంలో అట్టపెట్టె పెట్టి, అందులో వెయ్యమని అందరికీ అభిప్రాయాల చీటీలు పంచారు. టేపు వేసి మూసిన ఆ పెట్టెను కమిటీ మనిషి ఎదుటే తెరవాలి, రాసినవాళ్ల ఎదుటే చదవాలి. రాసినవాళ్లలో ముప్పాతిక మంది ఈ ఫ్యాక్టరీవాళ్లే కాబట్టి అర్హిమిరో నేరుగా ఇక్కడికే వచ్చాడు.

"చదవడానికి గొంతున్న మనిషి ఎవరైనా ఉన్నారా కామ్రేడ్స్?" అని అడిగాడు.

నూట నలభై తలలు ఒకేసారి అరుగువైపు తిరిగాయి. నెరెయిదా పేపరు మడిచి పక్కన పెట్టింది. తన పిల్లకు పడే శిక్షను తన నోటితోనే చదవాలన్నమాట.

లెయ్దానిస్ అరుగు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. రానంటే రానని పొద్దున మంచం కోడు పట్టుకుని వేలాడితే నెరెయిదాయే లాక్కొచ్చింది. "పారిపోయినవాళ్ల మీద ఇంకో రెండు రాళ్లు ఎక్కువ పడతాయి, పద" అని బతిమాలి, తిట్టి, చివరికి జామపండు ముద్ద పెట్టిన రొట్టె ఆశ చూపి తీసుకొచ్చింది. ఆ పిల్ల రొట్టె తినలేదు. చేతిలో పెట్టుకుని నలుపుతోంది.

అర్హిమిరో టేపు కోసి పెట్టె తెరిచాడు. నెరెయిదా మైకును ఒకసారి వేలితో తట్టి, మొదటి చీటీ తీసింది.

"పీతలు చాలా బాగున్నాయి. మనిషి బాగాలేడు."

కింద ఒకటి రెండు కత్తులు టక్కుమన్నాయి. అర్హిమిరో రాసుకున్నాడు.

"హీరో ఎప్పుడు చూసినా వీపే చూపిస్తాడు. పరిగెత్తినా వీపే, దూకినా వీపే. వీపు చూస్తూ కూర్చోవడానికి నాకు ఇంట్లో మొగుడున్నాడు."

ఈసారి ఆడవాళ్ల వరసంతా కత్తులు మోగించింది. పేరు రాయకపోయినా రాసింది ఎవరో అందరికీ తెలుసు. మూడో వరసలో ఒనెలియా ఏమీ ఎరగనట్టు ఆకు ఈనె తీస్తోంది.

"దాన్ని అలాగే తీస్తారు" అంది లెయ్దానిస్ స్టూలు మీంచి, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా. "వెనకనుంచి చూస్తేనే మనమే పరిగెత్తుతున్నట్టుంటుంది."

నెరెయిదా ఇంకో చీటీ తీసింది. "హీరో గొంతు మన రొట్టెల దుకాణం ఒర్లీస్‌ది. అతను నోరు తెరిచినప్పుడల్లా నాకు లేచి వరసలో నిలబడాలనిపించింది." తర్వాతది: "దారిలో కనబడ్డ ప్రతి పెట్టెనీ తన్ని పగలగొడతాడు, లోపలున్నది జేబులో వేసుకుంటాడు. అవి ఎవరి పెట్టెలో ఒక్కసారైనా అడగడేం?" ఆ తర్వాతది: "ఇలాంటిది మన ఊళ్లో తయారైందంటే నమ్మలేకపోతున్నా. వాడు గోతి మీంచి దూకిన ప్రతిసారీ నా బొటనవేళ్లు వాటంతటవే కదిలాయి." ఆ చీటీకి కిటికీ పక్కనున్న కుర్రవాళ్లు బల్లలు విరిగేలా కొట్టారు. వెంటనే ఇంకొకటి, వణికే ముసలి చేతిరాత: "సినిమా చూసినట్టు లేదు. ఎవరో ఆడుకుంటుంటే వెనక నిలబడి చూసినట్టుంది. ఇంట్లో మా మనవడూ ఇంతే, నాకు ఒక్కసారి కూడా ఇవ్వడు."

హాలంతా నవ్వింది. నెరెయిదా కూడా నవ్వబోయి, పరిస్థితి గుర్తొచ్చి ఆగింది. తిట్లు పడతాయని గుండె రాయి చేసుకుని కూర్చుంటే, తిట్టేవాళ్లు కూడా ముద్దుగానే తిడుతున్నారు. మరి వెళ్లిపోవడం ఎందుకు వెళ్లిపోయినట్టు?

ఆ తర్వాత వచ్చిన చీటీలు ఆమెకు బొత్తిగా అర్థం కాలేదు.

"ఎర్రబడే దాకా చాలా బాగుంది."

"ఉన్నంతలో చూశాం. మిగిలింది మీకోసం ఉంచాం."

"మిగతాది ఇంకోసారి చూస్తాను. అమ్మాయి ఏమీ అనుకోవద్దు."

"ఎరుపు వచ్చాక కూడా కూర్చున్న మా వరసలోవాళ్లను చూస్తే సిగ్గేసింది. వాళ్లకి బుద్ధి చెప్పి బయటికి తీసుకొచ్చాను."

అర్హిమిరో కలం ఆపాడు. "ఒక్క నిమిషం. ఏమిటీ ఎర్రబడటం? సినిమాలో అసభ్యం ఏమన్నా ఉందా?"

"లేదు" అంది లెయ్దానిస్ గాబరాగా.

"మరి? హాలు మనిషి రాసిన కాగితంలో నలభయ్యో నిమిషం అని స్పష్టంగా ఉంది. నూట తొంభై మంది చూడటానికి వచ్చారు, నూట తొంభై మందీ వెళ్లిపోయారు. చీటీల్లో ఏం రాసినా జనం కాళ్లతో చెప్పింది ఇది." అతను ఫైలు మూయబోయాడు. "నేను రాసుకోవాల్సింది అదే మరి. ఏమీ అనుకోకండి."

నెరెయిదాకు ఇక ఉండబట్టలేదు. చీటీలు పక్కన పడేసి, మైకు దగ్గరికి లాక్కుంది. మూడు రోజులుగా కడుపులో దాచుకున్నదంతా గొంతులోకి వచ్చింది.

"యుసేబియో" అంది. ఆ గొంతు నాలుగు మూలలున్న నాలుగు స్పీకర్లలోంచీ వచ్చేసరికి, ఆకు తడుపుతున్నవాళ్లు కూడా చేతులు ఆపేశారు. "అందరికంటే ముందు లేచింది నువ్వు. నిన్ను చూసే మిగతావాళ్లు లేచారు. ఈ పిల్లను నువ్వు ఇంత ఉన్నప్పటినుంచి ఎరుగుదువు. నచ్చకపోతే కూర్చుని తిట్టాల్సింది, నేనేమీ అనుకునేదాన్ని కాదు. ఎందుకు లేచిపోయావు? ఇప్పుడే, అందరి ముందే చెప్పు."

యుసేబియో లేచి నిలబడ్డాడు. డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి. ఆ ఫ్యాక్టరీలో అతని కత్తికి ఒక పేరుంది. నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా మొహమాటానికి మోగలేదది. వాళ్లావిడ రాసిన కవితను నెరెయిదా చదివిన రోజున కూడా కత్తి నేలమీదే పడేశాడు. ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో వంట అతనే చేసుకున్నాడని చెప్పుకుంటారు. అలాంటివాడు ఇప్పుడు టోపీ చేతిలోకి తీసుకుని, అంచు తిప్పుతూ నీళ్లు నమిలాడు.

"చెబుదామనే సోమవారం నుంచీ తిరుగుతున్నానమ్మా. నువ్వు ముఖం చూపిస్తేగా."

"ఇప్పుడు చూపిస్తున్నాను. చెప్పు."

"చెప్పడానికేముంది, అందరికీ తెలిసిందే. బ్యాటరీ అయిపోవచ్చింది కదా."

నెరెయిదాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏ బ్యాటరీ?"

"హాలు బ్యాటరీ. వెన్సెస్లావ్ సినిమా మొదలెట్టేముందు తెర ముందుకొచ్చి చెప్పాడుగా, ఈ రోజు కరెంటు పోయినా బెంగలేదు, మొదటినుంచీ బ్యాటరీ మీదే వేస్తున్నా, అని. దానికి తగ్గట్టు తెర మీద మూలకి పచ్చగా గీత కూడా పెట్టారు, ఎంతుందో తెలియడానికి. మంచి పని చేశారనుకున్నాను. మా ఇంట్లో ఫ్యానుకీ అలాంటిదే ఉంది. సినిమా నడుస్తున్నకొద్దీ అది తగ్గుతూ వచ్చింది. సగమైంది, పసుపైంది. నేను ఒక కన్ను సినిమా మీద, ఒక కన్ను దాని మీద వేసి కూర్చున్నా. నలభై నిమిషాలకి ఎర్రబడి మిణుకుమిణుకుమంది." అతను టోపీ నెత్తిన పెట్టుకుని మళ్లీ తీశాడు. "ఎరుపులోకి వచ్చాక కూడా వాడితే బ్యాటరీ చచ్చిపోతుంది తల్లీ. ఊరికంతటికీ ఉన్నది ఆ ఒక్కటే. మిగిలిన కాస్తా ఆ అమ్మాయికి పనికొస్తుందని లేచాను. నలుగురినీ లేపాను. చప్పుడు చెయ్యొద్దని కూడా నేనే చెప్పాను."

"అవును" అంది ఒనెలియా. "నాకైతే ఇంట్లో కుక్కరులో అన్నం కూడా ఉంది. కానీ దానికోసం లేవలేదు, అది వేరే సంగతి."

"మా వరసంతా అందుకే లేచాం" అన్నారు ఇంకెవరో. "నేను చీటీలో రాశానుగా, మిగిలింది మీకు ఉంచాం అని" అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన, మెచ్చుకోవట్లేదేమిటన్నట్టు.

నెరెయిదా మైకు వదిలేసింది. మెల్లగా తల తిప్పి లెయ్దానిస్‌ను చూసింది. ఆ పిల్ల స్టూలు మీంచి లేచి నిలబడి ఉంది. చేతిలో రొట్టె ఎప్పుడు కిందపడిందో తెలీదు.

"అది బ్యాటరీ కాదు" అంది లెయ్దానిస్.

"మరి?"

"అది అతని ప్రాణం."

వెనక వరసలవాళ్లు వినడానికి బల్లల మీదికి వంగారు.

"ఎవరి ప్రాణం?" అంది ఒనెలియా.

"హీరోది. గేముల్లో అలాగే చూపిస్తారు. ఒక ప్రాణం ఎంత మిగిలిందో ఆ గీత చెబుతుంది. దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గుతుంది. ఎర్రబడిందంటే..." ఆమె స్టూలు అంచు పట్టుకుంది. "ఎర్రబడిందంటే చావు దగ్గరికొచ్చినట్టు."

యుసేబియో టోపీ తిప్పడం ఆపేశాడు. తన బల్ల ముందు నెమ్మదిగా కూలబడ్డాడు. ఎదుటి ఆకుల కట్టను పక్కకి జరిపాడు.

"అంటే" అన్నాడు, "ఒక మనిషి ప్రాణం పోతుంటే మేమంతా లేచి, చెప్పుల చప్పుడు కాకుండా, ఇంటికి వెళ్లిపోయామా?"

నవ్వొచ్చే మాటే, నవ్వింది మాత్రం ఎవరూ లేరు. ఒనెలియా చేతిలో ఆకు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. "పాపం, ఆ ఓడల దీపస్తంభం మెట్ల దగ్గర ఒక్కడే ఉన్నాడు" అంది. "ఆ పీతలు చుట్టూ చేరాయి. నేనేమో అన్నం అడుగంటుతుందేమోనని ఆలోచిస్తున్నా." వీపు తప్ప ఏమీ కనబడలేదని రాసిన మనిషి ఆవిడే.

ఇక అక్కడినుంచి గోల మొదలైంది. రెండో ప్రాణం ఎప్పుడొస్తుందని ఒకరు. వచ్చినప్పుడు గీత మళ్లీ పచ్చగా అవుతుందా అని ఒకరు. మొదటి ప్రాణం పోయినవాడు ఎక్కడినుంచి లేస్తాడు, పడ్డచోటునుంచేనా, మళ్లీ మొదటినుంచి నడవాలా అని ఒక వాదం. పడ్డచోటునుంచే లేవాలని ఆడవాళ్లు, మొదటినుంచి నడిస్తేనే న్యాయమని మగవాళ్లు తేల్చేశారు. అరగంట కిందట వీపు తప్ప ఏముందన్న సినిమా ఇప్పుడు ప్రతివాడికీ సొంత చుట్టం సంగతైంది. నెరెయిదా కళ్లలో నీళ్లు తిరిగాయి. సోమవారం నుంచి తను ముఖం తిప్పుకున్న ఒక్కొక్కరినీ పేరు పెట్టి క్షమించమని అడగాలనిపించింది. అరుగు మీంచి ఇంత ప్రేమగా ఆ తలలను ఆమె ఎప్పుడూ చూడలేదు.

అర్హిమిరో కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు. పదకొండేళ్లుగా అతను ఈ ఉద్యోగంలో జనం అభిప్రాయాలు రాసుకుంటున్నాడు. సినిమా నచ్చక లేచినవాళ్లను చూశాడు, నిద్రపట్టి లేవనివాళ్లను చూశాడు. మర్యాద కోసం లేచి వెళ్లిపోయిన హాలును చూడటం ఇదే మొదలు. అతని ఫైలులో దానికి గడి లేదు.

"కామ్రేడ్స్, నేను ఈ కాగితం కొట్టేస్తున్నాను" అన్నాడు, నిజంగానే అడ్డంగా గీత గీసి. "చూడని సినిమాకి అభిప్రాయం ఉండదు. శనివారం ఒంటిగంటకి మళ్లీ వేద్దాం. నేను ఇక్కడే ఉంటాను. మొదటినుంచి చివరిదాకా ఎంతమంది కూర్చుంటారో నా కళ్లతో నేనే లెక్కపెట్టుకుంటాను."

కత్తులన్నీ ఒక్కసారి మోగాయి. నూట నలభై బల్లల మీద టకటకలు కప్పుకి తగిలి తిరిగొచ్చాయి. అందులో యుసేబియో కత్తి చప్పుడు కూడా ఉందని నెరెయిదా విడిగా వింది.

"ఈసారి కరెంటు దిగులూ వద్దు" అని అర్హిమిరో ఉత్సాహంగా గొంతు పెంచాడు. "జిల్లా కార్యాలయంలో డీజిలు జనరేటర్ ఉంది. నేనే స్వయంగా తెప్పిస్తాను. ఒక్క నిమిషం కూడా ఆగే ప్రసక్తి లేదు."

మళ్లీ కత్తులు మోగాయి. ఆ చప్పుడులో నెరెయిదాకు ఒళ్లు తెలియలేదు. మైకు పట్టుకుని, ఎవరూ అడగకుండానే మాటిచ్చేసింది.

"ఇరవై రెండేళ్లుగా ఈ అరుగు మీద కూర్చుని చదువుతున్నా. ఆఖరి పేజీ చదవకుండా మీకు ఏ కథా ఎగ్గొట్టలేదు. ఇదీ ఎగ్గొట్టను. శనివారం ఆఖరి బొమ్మ దాకా చూస్తారు. దానికి పూచీ నాది."

ఆ మాట పూర్తయ్యేలోపు ఎవరో ఆమె గౌను అంచు పట్టుకుని లాగారు. లెయ్దానిస్. ముఖం ఆదివారం కంటే పాలిపోయి ఉంది. నెరెయిదా మైకు మీట నొక్కి ఆపేసి, పిల్లను అరుగు వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. సంతోషం తట్టుకోలేకపోతోంది పాపం అనుకుంది.

"ఏడువు తల్లీ, ఇప్పుడు ఎంతైనా ఏడువు" అంది వీపు నిమురుతూ. "గట్టెక్కాం."

"పిన్నీ, ఆదివారం ఆట నాలుగింటికే వెయ్యాలని నేను ఎందుకు పట్టుబట్టానో తెలుసా?"

"ఎండ తగ్గుతుందన్నావుగా."

"నాలుగు ముప్పావుకి రోజూ కరెంటు పోతుంది."

నెరెయిదా చెయ్యి ఆ పిల్ల వీపు మీద ఆగింది.

"పోతుందని నమ్ముకున్నాను పిన్నీ. నెల రోజులు గడియారం పెట్టుకుని చూశాను, ఒక్క రోజు తప్పలేదు. నాలుగింటికి మొదలుపెడితే నలభై ఐదో నిమిషంలో చీకటైపోతుంది. అయ్యో, మంచి పట్టులో పోయిందే అని అందరూ అనుకుంటారు, కమిటీ ఇంకో తేదీ ఇస్తుంది, నాకు ఇంకో మూడు నెలలు దొరుకుతాయి. వెన్సెస్లావ్ ఎక్కడినుంచో ఆ బ్యాటరీ తెచ్చి తెర ముందు నిలబడేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి."

నెరెయిదాకు గుర్తొచ్చింది. ఆ ప్రకటన విన్నప్పుడు పిల్ల ముఖం తెల్లబడితే, మొదటి ఆట కదా, భయం కాబోలనుకుని నీళ్లు తాగించింది. పార్కులో మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చినప్పుడు అవమానం అనుకుంది.

"పార్కులో ఎందుకు ఏడ్చావు మరి?" అంది, అడగకుండా ఉంటే బాగుండునని తెలిసి కూడా.

"బతికిపోయానని."

"లెయ్దానిస్, సినిమా ఎంతవరకు ఉంది?"

"యాభై రెండు నిమిషాలు. రెండో ప్రాణంతో దీపస్తంభం ఎక్కి పైనుంచి దూకుతాడు. గాల్లో ఉండగా ఆగిపోతుంది. నెల కిందట కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చి కంప్యూటరు కాలిపోయింది. కమిటీకి మొదటి సగమే నమూనాగా పంపాను, మిగతా సగం హాల్లో చూస్తారని రాశాను." ఆమె చేతులతో ముఖం కప్పుకుంది. "శనివారం జనరేటర్ పెడతానంటున్నాడు పిన్నీ ఆయన."

జీవితంలో మొదటిసారి నెరెయిదా దేవుణ్ణి కరెంటు కోత ఇమ్మని అడిగింది. అడిగి, డీజిలు సంగతి గుర్తొచ్చి మానేసింది. ఇందాక మైకులో అన్న మాట నాలుగు స్పీకర్లలోంచి మళ్లీ తన చెవిలోకే దూరినట్టయింది. పూచీ నాది అంది. ఎవరు అడిగారు తనని?

మెట్ల మీద చెక్క కిర్రుమంది. ఇద్దరూ తలెత్తారు.

యుసేబియో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో టోపీ, ఒక చేతిలో కత్తి. క్షమించమని అడగడానికి వచ్చినట్టున్నాడు, ముఖం మీద ఆ మాట ఇంకా సగం మిగిలే ఉంది. ఎంతసేపటినుంచి ఉన్నాడో అడగాల్సిన పని లేకపోయింది.

"అమ్మాయ్" అన్నాడు మెల్లగా. "ఒక్కటే చెప్పు. వాడు బతుకుతాడా?"

లెయ్దానిస్ చేతులు దించింది. ఆ ముసలాయన కళ్లలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయింది.

"తెలీదు తాతా. నేను కూడా అక్కడిదాకా వెళ్లలేదు."

కిందనుంచి అర్హిమిరో గొంతు హుషారుగా వినిపించింది. "కామ్రేడ్ యుసేబియో ఎక్కడున్నారు? ఇక్కడో చిన్న సంతకం కావాలి. సినిమా పూర్తిగా తయారై ఉంది, శనివారం మొత్తం ఆడుతుంది అని జనం తరఫున ఒక సాక్షి. మీ మాట మీద ఎవరికీ అనుమానం ఉండదని ఇక్కడ అందరూ మీ పేరే చెబుతున్నారు."

నెరెయిదా యుసేబియో ముఖం చూడలేకపోయింది. అతని చేతిలో కత్తిని చూసింది. నలభై ఒక్క ఏళ్లుగా అబద్ధానికి మోగని కత్తి అది. ఇప్పుడది బల్లకూ నేలకూ దూరంగా, గాల్లో ఉంది.

"వస్తున్నా కామ్రేడ్" అన్నాడు యుసేబియో, అంగుళం కూడా కదలకుండా.